నిండు సిందూరం దాకా

మీ దగ్గర దాచడం దేనికి, ముందే ఒప్పేసుకుంటే ఓ పనైపోతుంది: సిందూరం రంగంటే సరిగ్గా ఏ రంగో మమతకి తెలియదు. పుట్టినప్పటి నుంచీ ఆ మాట వింటూనే ఉంది, వాడుతూనే ఉంది, ఒకసారి ఆ రంగు జాకెట్టు గుడ్డ కోసం బజారు మొత్తం తిరిగింది కూడా. అయినా తెలియదు. తెలియకుండానే ఇరవై ఏళ్లు హాయిగా గడిచిపోయాయి. కానీ రెండువేల పది ఏప్రిల్‌లో, ఒక గురువారం, పదకొండు దాటిన ఎండలో, గోదావరిఖనిలో తను చదివే పాలిటెక్నిక్ వెనకాల పాత కొలిమి ముందు పట్టకారు పట్టుకుని నిలబడ్డప్పుడు, ఆ రంగు ఏదో కచ్చితంగా తెలియాల్సి వచ్చింది. అదీ గంటలో.

కరెంటు పోయింది, అంతే జరిగింది. ప్రాక్టికల్ పరీక్షకి ఉన్న ఒకే ఒక్క ఎలక్ట్రిక్ ఫర్నేసు నాలుగు వందల డిగ్రీల దాకా ఎక్కి, ఎర్ర లైటు ఆర్పేసుకుని, ఇక నా వల్ల కాదన్నట్టు చల్లారడం మొదలుపెట్టింది. కిటికీలోంచి చూస్తే ఊరి పక్క కరెంటు పుట్టించే గొట్టాలు పొగ వదులుతూ నిలబడి ఉన్నాయి, ఎక్కడెక్కడి ఊళ్లకో దీపాలు పంపిస్తూ, వాటి కాళ్ల దగ్గర ఉన్నవాళ్లకి మాత్రం చేతి విసనకర్ర మిగులుస్తూ. మామూలు రోజైతే మమతకి ఇది నవ్వొచ్చే విషయమే. పరీక్ష తీసుకోవడానికి వరంగల్ నుంచి వచ్చిన జగదీశ్వర్ సార్ తెల్లచొక్కా జేబులోంచి రుమాలు తీసి మెడ తుడుచుకుని, "కరెంటు మన చేతుల లేదమ్మా. ఎనుక కొలిమి ఉన్నది గద, దాని మీద చెయ్. గంట ఇస్త. పన్నెండున్నర బండికి నేను పోవాలె. ఇయ్యాల గాకపోతె మళ్ల అక్టోబరే," అన్నాడు. కోపంగా కూడా అనలేదు. రైల్వే టైంటేబుల్ చదివినట్టు అన్నాడు, అందుకే ఇంకా భయమేసింది.

అక్టోబరు అంటే కుదరదు. సోమవారమే బొగ్గుబాయి కంపెనీ ఏరియా వర్క్‌షాపులో అప్రెంటిస్ ఇంటర్వ్యూ. ఈ ఒక్క ప్రాక్టికల్ పాసైనట్టు సంతకంతో కాగితం లేకపోతే గేటు దగ్గరే ఆపేస్తారు. పైగా ఇది మమతకి రెండో దండయాత్ర. పోయినసారి ఫర్నేసు గుండీ తొమ్మిది వందల దగ్గర పెట్టాల్సింది తొంభై దగ్గర పెట్టి, గంటసేపు చేతులు కట్టుకుని ధీమాగా నిలబడి, చివరికి ఇడ్లీలాగా వెచ్చగా ఉన్న ఇనుప ముక్కని బయటికి తీసింది. క్లాసంతా నవ్వింది, తనూ నవ్వింది, మార్కుల మెమో ఒక్కటే నవ్వలేదు. ఈసారి బందుల వల్ల పరీక్ష రెండుసార్లు వాయిదా పడి, ఫర్నేసు గుండీ తిప్పడం కలలో కూడా సాధన చేసి, తీరా వస్తే గుండీయే లేదు. ఉన్నవి బొగ్గులు, చేత్తో తిప్పే గాలి పంకా, డబ్బాడు నూనె, లారీ కమాను పట్టీ నుంచి కోసిన వేలెడంత ముక్కలు రెండు. ముక్కని కాల్చాలి, సరైన వేడి దగ్గర తీసి నూనెలో ముంచాలి, అది గట్టిపడాలి. గట్టిదనం కొలిచే మిషను మీద ముల్లు యాభై అయిదు దాటాలి. సరైన వేడి ఎంతంటే తొమ్మిది వందలు. తొమ్మిది వందలని చూపించే మీటరు కరెంటుతో పాటే కళ్లు మూసింది. మీటరు లేనప్పుడు రంగు చూసి చెప్పాలని మాన్యువల్‌లో రాసే ఉంది, ఏ వేడికి ఏ రంగో చార్టు కూడా ఉంది, కాకపోతే మాన్యువల్ జిరాక్స్ సెంటర్ది. చార్టులో ఎనిమిది గళ్లు, ఎనిమిదీ బూడిద రంగు. ఆరువందల బూడిద, ఏడువందల బూడిద, తొమ్మిదివందల బూడిద.

కొలిమి దగ్గర సాయానికి ఒకరు ఉండొచ్చని రూలు. అందుకని పరీక్ష ఎప్పుడో పాసైపోయిన రెజీనా, సెలవు రోజు పడుకోకుండా వచ్చి, చున్నీ నడుముకి బిగించి పంకా పిడి తిప్పుతోంది. ఫస్టియర్ నుంచి ఒకే బెంచీ. బొగ్గులు చిటపటమని అంటుకున్నాయి.

"ఎందాక కాలాలెనే?" అంది.

"సెందూరం అయ్యేదాంక."

"అంటె కుంకుమ తీరుగనా?"

"కాదే. కుంకుమ వేరు, సెందూరం వేరు."

"మా ఇంట్ల రెండూ లెవ్వు. మాది చర్చి. నన్ను అడిగితె ఎట్లనే."

"హనుమాన్ గుడి ఎన్నడు సూడలేదా నువ్వు?"

"బస్సుల పోంగ సూసిన. బస్సు జల్ది పోయింది."

మమత మొదటి ముక్కని బొగ్గుల్లో పెట్టి, నిప్పు వైపు కళ్లు చికిలించి చూస్తూ, చూస్తూ, చూడటం తప్ప చేసేదేం లేదు కదా, మనసు దాని దారిన అది పోయింది. సిందూరం అయ్యేదాకా అని తను ఎందుకంది, మాన్యువల్‌లో ఆ మాట లేదే, సార్ చెప్పలేదే. అది తాత మాట. అమ్మ వాళ్ల నాన్న, రాయమల్లు, ముప్పై ఏళ్లు బొగ్గుబాయి మీద కమ్మరి షెడ్డులో పనిచేశాడు, లోపల బొగ్గు తవ్వేవాళ్ల సబ్బళ్లకి, అదే గడ్డపారలకి మొన, గొడ్డళ్లకి పదును పెట్టేవాడు. ఇప్పుడు కాసిపేటలో కోళ్లని తిడుతూ పెన్షన్ తింటున్నాడు. ఆయనకి ఇనుము వేడి అంటే అంకె కాదు, వరస. ముందు కందగడ్డ, అదే చిలగడదుంప తోలు రంగు, తర్వాత దానిమ్మ గింజ, తర్వాత పండు మిరప, ఆ మీద సిందూరం, అది దాటితే పసుపు, పసుపూ దాటితే సున్నం. సున్నం దాకా పోనిస్తే ఆ ఇనుము నీది కాదు, అగ్గిది. కూరగాయల బజారు, పూజ సామాను కొట్టు కలిపి వల్లించినట్టు ఉండేది మమతకి. సెకండియర్లో ఒకసారి గర్వంగా కాలేజీ మీటరు ఫొటో ఫోన్లో చూపించింది. తాత కళ్లద్దాలు పైకి తోసి, "గిండ్ల సెందూరం ఏడున్నది?" అన్నాడు. "తొమ్మిది వందల కాడ తాతా." "మరి గంత లెక్క ఎందుకే, సెందూరం అంటె అయిపోయె గద." తర్వాత చాలాసేపు ఆయనతో తను చేసిన వాదన గుర్తొచ్చి ఇప్పుడు కొలిమి వేడి కన్నా ఎక్కువ చెవులు కాలాయి: రంగు ఒక్కో మనిషికి ఒక్కోలా కనబడుతుంది తాతా, అంకె అందరికీ ఒకటే, సైన్సు అంటే అదే. ఇదిగో, అందరికీ ఒకటైన అంకె కరెంటు పోతే అందరికీ ఒకేసారి పోయింది. దాన్నీ సైన్సే అనుకోవాలి.

ఇనుము ఇంకా నల్లగానే ఉంది, లేదు, అంచున కొంచెం ఎరుపు, లేదు, అది బొగ్గు ఎరుపు. తిప్పవే, ఇంకా తిప్పు. నడినెత్తి సూర్యుడు నేరుగా కొలిమిలోకే దిగి చూస్తున్నాడు, తనకీ ఈ పరీక్ష ఉన్నట్టు. ముక్క నిదానంగా ఎర్రబడింది, మెత్తని ఎరుపు, పండు మిరప కూడా కాదు. సిందూరం కాలేదు, ఇంకా కాలేదు. పెద్ద సిందూరం ముద్ద ఒకటి తలలో పెట్టుకుని చూస్తోంది మమత, నూనెతో తడిసి మెరిసే ముద్ద. ఇనుము దానికి సరిపోలాలి, ఇంకొంచెం, ఇంకొంచెం, ఇదిగో ఇప్పుడు సరిపోలింది. పట్టకారుతో పట్టి పైకి ఎత్తగానే ముక్క చివర నుంచి కాకరపువ్వొత్తిలా తెల్లని నిప్పురవ్వలు చిమ్మాయి. రెజీనా ఒక అడుగు వెనక్కి వేసింది. మమత ముక్కని నూనెలోకి దించింది. టిక్ మంది. చిన్న చప్పుడు, పుల్ల విరిచినట్టు. బయటికి తీసి చూస్తే ఈ చివర నుంచి ఆ చివరకి వెంట్రుకంత పగులు.

జగదీశ్వర్ సార్ నీడలో కుర్చీలోంచి లేచి వచ్చి చూశాడు. "మాడ్చినవమ్మా. వెయ్యీ నూరు దాటి ఉంటది." మమత ముఖం చూసి, "ఇంకోటి ఉన్నది గద," అన్నాడు. వాచీ చూసుకుని కుర్చీలోకి వెళ్లిపోయాడు. నలభై నిమిషాలు.

వెయ్యీ నూరు. ఎలా అవుతుంది. తను చూసింది సిందూరమే, ఒట్టు పెట్టి చెప్పగలదు. సిందూరం దగ్గరే తీస్తే అది అప్పటికే పసుపూ దాటి సున్నం దాకా పోయి ఉందంటే, తను అనుకునే సిందూరం సిందూరం కాదన్నమాట. మరి ఏది. రెండో ముక్కని నిప్పులో పెట్టే ధైర్యం లేక అరచేతిలో పట్టుకుని మమత సిందూరాల్ని వెతుక్కుంటూ పోయింది. కొండగట్టు అంజన్న సిందూరం, తిరుగుప్రయాణంలో పొట్లం విప్పితే పొడిగా లేత నారింజ, నుదుటికి పెట్టుకుంటే ముదురు, చెమట పడితే ఇంకా ముదురు. చిన్నప్పుడు నిద్రలో ఉలిక్కిపడితే అమ్మమ్మ ఐలవ్వ గొంతు కింద పెట్టేది, పొద్దున్నకి దిండు మీద, స్కూలు చొక్కా మీద, తాత బనీను మీద కూడా ఉండేది, ఇంట్లో అందరి భయాలూ ఒకేసారి పోగొట్టాలన్నట్టు. ఐలవ్వకి ఆ రంగంటే ప్రాణం. తాత రిటైరయ్యే రోజు కట్టుకునే చీర మీదికి సిందూరం రంగు జాకెట్టు గుడ్డ తెమ్మని మమతని లక్ష్మీనగర్ బజారుకి పంపింది. మొదటి కొట్టువాడు గాజర్ రంగు, అంటే క్యారెట్ రంగు ఇచ్చాడు, ఐలవ్వ చూసి "ఇది గుర్రాలు తినేది," అని వెనక్కి పంపింది. రెండో కొట్టువాడు మిర్చి రెడ్ ఇచ్చాడు, "నేనేమన్న జెండా ఎత్తుతున్ననా," అంది. మూడోవాడు నాలుగు తానులు ఒకదాని పక్కన ఒకటి పరిచి, "నాలుగు సెందూరమే అక్కా, ఏది గావాలె," అన్నాడు. మమత కళ్లు మూసుకుని ఒకదాని మీద చెయ్యి పెట్టింది, అదే కరెక్టని ఐలవ్వ మురిసిపోయింది. కొట్లో చూసిన రంగు వేరు, ఇంటికొచ్చాక దీపం దగ్గర రంగు వేరు, ఊరేగింపు రోజు ఎండలో వేరు. బాయి గేటు నుంచి ఇంటిదాకా డప్పులతో తాతని నడిపించుకొచ్చారు, మెడలో దండలు ముక్కు దాకా, ఐలవ్వ ముందు నడుస్తూ, ఒక్కో మలుపులో ఆ జాకెట్టు ఒక్కో రంగు. వీధి దీపాల కింద గోధుమ రంగు. అప్పుడు మమత దాన్ని బట్ట నాసిరకం అనుకుంది.

"మా ఇంట్ల క్రిస్మస్‌కు స్టార్ కడ్తం సూడు, కాయితం స్టార్," రెజీనా పంకా పిడికి చేతులు ఆనించి అంటోంది, మమత వినడం లేదని తెలిసీ. "మా డాడీ అండ్ల బల్బు ఏస్తడు. పగలు సూస్తె ఏముండదే. పాతబట్ట లెక్క, ఎలిసిపోయినట్టు ఉంటది. చీకటైనంక సూడాలె. గల్లీ మొత్తానికి అదే కనబడతది. గట్లాంటి రంగేమోనే మీ సెందూరం."

మమత తల తిప్పింది. "ఏమన్నవే?"

"ఏమన్న?"

"పగలు సూస్తె ఏముండదన్నవు."

పగలు చూస్తే ఏముండదు. ఎండ పడితే వెలుగు చచ్చిపోతుంది, ముదురు ఎరుపు కూడా నల్లగా ఉంటుంది, సిందూరం అయినా మిరపలా ఉంటుంది, సిందూరంలా కనబడేది నిజానికి ఎప్పుడో దాటిపోయినది. ఈ సంగతి తనకి తెలుసు. ఎక్కడ తెలుసు. ముక్కులోకి ఎక్కడిదో వాసన వచ్చింది, కాలిన నూనె, వేడి రేకు, పచ్చి మామిడికాయ తొక్కు. ఎండాకాలం సెలవుల్లో తాతకి అన్నం గిన్నె పట్టుకెళ్లేది తను. బాయి మీద రేకుల షెడ్డు, ఒక్క కిటికీ లేదు, మిట్ట మధ్యాహ్నం లోపలికి అడుగుపెడితే గుడ్డిదానిలా రెండు చేతులూ ముందుకు చాచాల్సి వచ్చేది. ఏడెనిమిదేళ్ల పిల్ల కదా, తలుపు తెరిచి అలాగే గడప మీద నిలబడేది, బయట ఎండ, లోపల చీకటి, రెండూ ఒకేసారి చూడటం సరదా. వెంటనే చీకట్లోంచి తాత గొంతు, "తలుపెయ్యే పొల్లా, రంగు పారిపోతది." ప్రతిరోజూ అదే. కుక్క వస్తుందని అంటున్నాడు అనుకుంది, దుమ్ము వస్తుందని అనుకుంది, ఒకటి రెండుసార్లు రంగు నిజంగానే తన కాళ్ల సందులోంచి పరుగెత్తి పోతుందేమోనని గౌను దగ్గరగా పట్టుకుంది. తలుపేశాక, కళ్లు అలవాటుపడ్డాక, తాత ముఖం కనబడేది, ముందు గడ్డం, తర్వాత ముక్కు, తర్వాత నుదురు, ఇనుము ఎంత వెలిగితే అంత ముఖం. ఆయన సబ్బలి మొనని నిప్పులోంచి బయటికి తీసే క్షణంలో పూర్తి ముఖం కనబడేది. అంటే తనకి ఆ రంగు తెలుసు. పొట్లంలో కాదు, తానులో కాదు. అది తాత ముఖం మొత్తం కనబడే రంగు.

"రెజీనా, చీకటి గావాలె."

"పన్నెండు గొట్టంగనా?"

కొలిమి ఇటుకలతో కట్టింది, కదలదు. సూర్యుడూ కదిలేలా లేడు. మమత లాబ్‌లోకి పరుగెత్తింది, పరుగెత్తుతుంటే కాళ్లకి ఎందుకో నవ్వొచ్చినట్టుంది, ఎనిమిదేళ్ల కాళ్లలా. గోడకి ఆనించిన పాత నల్లబోర్డు ఒకటి ఉంది, మంచమంత. అటెండరు సామ్యేల్ కాక బీడీ చెవి మీద పెట్టుకుని స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. బోర్డు ఒక చివర పట్టుకోమంటే, "బోర్డుతోని కొలిమి కాడ ఏం పని బిడ్డా, ఇనుముకు పాఠం చెప్తవా?" అన్నాడు గానీ లేచాడు. ఇద్దరూ మోసుకొచ్చి కొలిమి మీదికి, ఎండ వచ్చే వైపు అడ్డంగా ఎత్తారు. ఒక పక్క సామ్యేల్ కాక పట్టుకున్నాడు. రెండో పక్క మమత పట్టుకుంటే పట్టకారు ఎవరు పట్టాలి, పంకా వదిలితే నిప్పు చల్లారుతుంది. మమత కుర్చీ వైపు చూసింది.

"సార్, కొంచెం గిటు పట్టుకుంటరా."

"నేను ఎగ్జామినర్‌నమ్మా."

"అవ్ సార్. పైకి పట్టాలె. మీరు పొడుగు."

జగదీశ్వర్ సార్ సామ్యేల్ కాక వైపు చూశాడు. సామ్యేల్ కాక ఆకాశం వైపు చూశాడు. ఏ రూలు పుస్తకంలోనూ నల్లబోర్డు పట్టుకోకూడదని లేదని గుర్తొచ్చిందో ఏమో, సార్ పెన్నులు జేబులో లోపలికి నొక్కుకుని వచ్చి, బోర్డు అంచు భుజానికి ఎత్తుకున్నాడు. తెల్లచొక్కా మీద వెంటనే సుద్దముక్క పొడి పడింది. "ఇరవై అయిదు నిమిషాలు," అన్నాడు బోర్డు వెనక నుంచి.

మమత చున్నీ తల మీంచి ముందుకి లాక్కుని, బోర్డు నీడలోకి వంగి, రెండో ముక్కని బొగ్గుల మధ్య పెట్టింది. కళ్లు మూసి పదిదాకా లెక్కపెట్టింది, ఎండ కళ్లలోంచి పోవాలి కదా. తెరిచేసరికి కొలిమి వేరే ఊరిలా ఉంది. ఇందాక బూడిదలా కనబడ్డ బొగ్గులు ఎన్ని రంగులో, కింద సున్నం, మధ్య పసుపు, అంచుల్లో వర్షాకాలం సాయంత్రం మట్టిగుట్టల వెనక పొద్దు దిగుతున్నట్టు, గోలేటి పోయే దారిలో ఆకు రాలిన అడవి నిండా మోదుగలు విచ్చుకున్నట్టు. ఇదంతా ఇందాక కూడా ఇక్కడే ఉంది, తనే గడప మీద నిలబడి తలుపు తెరిచిపెట్టింది. చిన్నగా తిప్పవే, నిమ్మళంగా, తాత తిత్తి ఎప్పుడూ ఆయాసపడేది కాదు, నిద్రపోయేవాడి ఊపిరిలా ఉండేది. ముక్క నల్లగా ఉంది. నల్లటి దాని లోపల ఏదో కదిలింది. కందగడ్డ. తాతా, ఇది నిజంగా కందగడ్డ తోలే, ఊదా కలిసిన ఎరుపు, నువ్వు వంటిల్లు వల్లిస్తున్నావనుకున్నాను. దానిమ్మ గింజ, లోపల తడి ఉన్నట్టు, కొరికితే చిట్లేలా. ఇదంతా ఎండలో నల్లగా కనబడిన భాగం, ఎంత కథ జరిగిపోయింది తనకి తెలియకుండా. ఇదిగో ముక్క మధ్యలో ఒక నీడ, మబ్బు పాకినట్టు ఈ చివర నుంచి ఆ చివరికి పోతోంది. ఇది మాన్యువల్‌లో ఉంది, పేరు కూడా ఉంది, ఇనుము లోపల అమరిక మారేటప్పుడు వేడి మింగుతుంది, అప్పుడు కాసేపు కళ తప్పుతుంది. రెండు మార్కుల ప్రశ్న, తను రాసింది కూడా, రాసి ఏనాడూ చూడలేదు. మా తాత దీన్ని ఏమనేటోడు, అని మమత పైకే గొణిగింది, బోర్డు వెనక సార్‌కీ వినబడేలా. నీడ పోవాలె బిడ్డా, నీడ పోయినంక తొందరపడొద్దు, నిండనియ్యాలె. ఇన్నాళ్లూ ఆయన, మాన్యువల్ ఒకే ఇనుము గురించి మాట్లాడుకుంటున్నారు, మధ్యలో తను ఒక్కతే వినిపించుకోలేదు. నీడ పోయింది. పండు మిరప, తొడిమ దగ్గర నుంచి మొన దాకా ఎర్రగా. రెజీనా కూడా వంగింది, ఇద్దరి తలలూ తగులుతున్నాయి, చెమట ఎవరిదో ఎవరికో తెలియదు.

"గిదేనా?" రెజీనా గుసగుసగా అంది, గట్టిగా అంటే రంగు బెదురుతుందేమో అన్నట్టు.

"ఆగు."

ఎరుపులోంచి ఎరుపు మెల్లగా పక్కకి జరుగుతోంది, నారింజకి చోటిస్తూ, ఇంకా పూర్తిగా ఇవ్వకుండా. ఇది గాజర్ కాదు, మిర్చి రెడ్ కాదు. ఇది నిలబడే రంగు కాదు, పొంగే పాలలా నిండుతున్న రంగు. అందుకే కాబోలు ఏ కొట్లోనూ దొరకలేదు, ఏ గళ్లోనూ అచ్చు పడలేదు. మమత కళ్లు తిప్పకుండానే రెజీనా వైపు చూసింది, అంటే పక్కచూపుకి ఆమె ముఖం తగిలింది. గడ్డం కనబడుతోంది. ముక్కు. ముక్కు మీద చెమట చుక్క. కనుబొమల మధ్య ఏనాడూ బొట్టు ఎరగని ఖాళీ నుదురు, దాని మీద ఇంత వెలుగు.

"నిండింది," అంది మమత, తీసేసింది.

నూనెలో బుస్సుమంది, పొగ లేచింది, అందరూ ఆ చప్పుడు వెనక ఇంకో చప్పుడు కోసం చెవులు రిక్కించారు. జగదీశ్వర్ సార్ బోర్డు దించడం మర్చిపోయాడు. టిక్ అనలేదు. నూనె గొణిగింది, గొణిగింది, ఊరుకుంది. మమత ముక్కని తీసి తుడిచి, మిషను దాకా తీసుకెళ్లకుండానే, చేతికి దొరికిన ఆకురాయి పెట్టి ఒక్కసారి గీసింది. ఆకురాయి పట్టుకోలేదు. గాజు మీద గీసినట్టు జారిపోయింది. ఆ జారడం మోచేతిదాకా పాకి, అక్కణ్నుంచి నవ్వై బయటికొచ్చింది, ఆపుకుందామన్నా ఆగలేదు.

గట్టిదనం కొలిచే మిషనుకి కరెంటు అక్కర్లేదు, మీట లాగితే బరువు దిగుతుంది. సార్ స్వయంగా లాగాడు. ముల్లు కదిలి, తడబడి, యాభై ఏడు దగ్గర ఆగింది. ఇంకో చోట పెట్టి మళ్లీ లాగాడు, యాభై ఎనిమిది. కాగితం తీసి మమత ముందుకి తోశాడు. పదార్థం, మమత రాసింది. చల్లార్చిన ద్రవం, రాసింది. కాల్చిన ఉష్ణోగ్రత, పెన్ను ఆగింది. తొమ్మిది వందలని రాయొచ్చు, అందరూ అదే రాస్తారు, కానీ తొమ్మిది వందలు తను చూడలేదు కదా. చూసిందే రాసింది.

సార్ కళ్లద్దాలు సర్దుకుని చదివాడు. "సిందూరం అనేది యూనిట్ కాదమ్మా."

"మీటర్ లేదు గద సార్. సూసిందే రాసిన."

"పరీక్షల బోర్డోళ్లు సూస్తరు దీన్ని. నవ్వుతరు."

"పోయినసారి నవ్విన్రు సార్. ఇప్పుడు ముక్క గట్టిగున్నది."

సామ్యేల్ కాక చెవి మీద బీడీ తీసి చూసుకుంటూ దగ్గాడు. జగదీశ్వర్ సార్ మమతని చూశాడు, ముక్కని చూశాడు, సుద్దపొడి అంటిన తన భుజాన్ని చూసుకున్నాడు. మమత రాసిన మాటని కొట్టెయ్యలేదు. దాని పక్కన బ్రాకెట్లో "సుమారు 900" అని తన అక్షరాలతో చేర్చి, కింద సంతకం పెట్టి, పన్నెండున్నర బండి కోసం ఆటో ఎక్కేశాడు, ఎక్కాక తల బయటికి పెట్టి, "ఆ నీడ సంగతి మీ తాత చెప్పిండా?" అని అడిగాడు, జవాబు ఆటో చప్పుడులో కలిసిపోయింది.

మమత కాసిపేట ఫోన్ చేసింది. వెనక కోళ్లు అరుస్తున్నాయి. పాసైనట్టు చెప్పింది, సోమవారం ఇంటర్వ్యూకి పోతున్నట్టు చెప్పింది, బోర్డు సంగతి చెప్పింది, సార్ చొక్కా సంగతి చెప్పింది, అంతా ఒకే ఊపిరిలో. తాత శుభం అనలేదు, శభాష్ అనలేదు.

"ఏ రంగు కాడ తీసినవ్?"

"సెందూరం కాడనే తాతా."

అటు పక్క తాత కోళ్లని ఒకసారి అదిలించాడు.

"లేత సెందూరమా, ముదురుదా?"

మమత ఫోను చెవికి పెట్టుకుని రెజీనా వైపు చూసింది, రెజీనా ఏంది అన్నట్టు కనుబొమలెత్తింది, ఇద్దరూ చల్లారుతున్న కొలిమి గట్టు మీద కూలబడి కళ్ల నీళ్లొచ్చేదాకా నవ్వారు. ఫోనులో తాత, జవాబు చెప్పమని అరుస్తూనే ఉన్నాడు.

ఇక మీ వంతు. మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరు ఒక రంగు పేరుతో ఒక పని చేసి ఉంటారు, పాకం చూసో, పంట చూసో, కుండ చూసో. ఆ రంగు ఏదో మీరు చెప్పలేకపోయినా ఏం ఫర్వాలేదు, మమతే చెప్పలేకపోయింది. ఎవరు అనేవాళ్లు, ఏం చేస్తూ అనేవాళ్లు, అది మాత్రం రాయండి.